అమ్మేవాడికి చెప్పవలసిన పాఠం

మా సిరొంచ బజారులో మాంసం కొనేటప్పుడు అది హలాల్ చేసినదేనా అని అడిగి తెలుసుకోకుండా జేబులోంచి డబ్బు తీయని మనుషులు నాకు చాలామంది తెలుసు, నేనూ వారిలో ఒకణ్ణే. కానీ ఆ మాంసాన్ని తూచిన కాటాకు ఈ ఏడాది తనిఖీ ముద్ర పడిందా అని అడిగిన ముసల్మానును నేను ఇంతవరకు చూడలేదు. పంది మాంసం నిషేధం ఖురాన్‌లో నాలుగు చోట్ల వస్తుంది. కొలతలోనూ తూకంలోనూ మోసం చేయవద్దన్న ఆజ్ఞ ఏడు సూరాలలో, అంటే అధ్యాయాలలో, వస్తుంది, వాటిలో 83వ సూరాకు ఆ పేరే తూకంలో కోత పెట్టేవారిని బట్టి వచ్చింది. మొదటి నిషేధాన్ని మా ఇళ్ళలో పిల్లలకు ఊహ తెలిసేనాటికే నేర్పేస్తాము. రెండవదానికి వచ్చేసరికి 'వ్యాపారమన్నాక ఆ మాత్రం ఉంటుంది' అని పెద్దలే సర్దిచెబుతారు.

మాది గోదావరికి ఇవతలి ఒడ్డు. అవతల కాళేశ్వరం, అక్కడి నుంచి తెలంగాణ. ఇవతల మేము, గడ్చిరోలి జిల్లా. ఇళ్ళలో తెలుగు, బడిలోనూ తహసీల్ కచేరీలోనూ మరాఠీ, మసీదులో ఉర్దూ. బడిలో ఉద్యోగ విరమణ చేసిన తరువాత, జుమా (శుక్రవారం) ఖుత్బాకు ముందు జరిగే బయాన్‌లో, అంటే ధార్మిక ఉపన్యాసంలో, అప్పుడప్పుడు నన్ను మాట్లాడమని మా మసీదు పెద్దలు అడుగుతూ ఉంటారు. నేను మదర్సాలో చదివిన ఆలిమును కాను కాబట్టి నమాజు, వుజూ, వారసత్వం వంటి విషయాల జోలికి పోను. కొనుగోలు, అమ్మకం, అప్పు అనే మూడింటినే పట్టుకుని మాట్లాడతాను. అక్కడ చెప్పే మాటలనే, చెప్పటానికి సమయం చాలని మరికొన్నింటినీ కలిపి, ఇక్కడ రాస్తున్నాను. మా బజారులో అన్ని మతాల వారి దుకాణాలూ ఉన్నాయి. అయితే ఎవరి ఇంటి చెత్త వారు ఊడ్చుకోవడమే మర్యాద గనుక నేను మావాళ్ళ గురించే రాస్తాను.

83వ సూరా మొదటి మూడు వాక్యాల భావం ఇది: జనం దగ్గర కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, వారికి కొలిచి గాని తూచి గాని ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి వినాశం. ఇక్కడ నిందకు గురవుతున్నది తక్కువ తూచడం ఒక్కటే కాదు, తీసుకునే చేతికి ఒక కాటా, ఇచ్చే చేతికి మరొక కాటా ఉండడం. మిరప కోతల కాలంలో మా తాలూకాలో ఏ కల్లం దగ్గర నిలబడినా ఇది కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. ఎండిన కాయను బస్తాకెత్తి, తొక్కి, మూతి కుట్టి ఎలక్ట్రానిక్ కాటా మీద పెడతారు. అంకె ఒక క్షణం ఊగి నిలబడుతుంది. ఆ అంకెను రైతు చూస్తాడు, హమాలీ చూస్తాడు, కొనడానికి వచ్చిన సేటు మాత్రం చూడనట్టే ఉండి, బస్తా బరువుకు ఇంత, తేమకు ఇంత, తాలుకు ఇంత అని తరుగు తీసివేసిన అంకెను పుస్తకంలో రాసుకుంటాడు. "సేటూ, తరుగు జర తక్కువ కట్టరాదు" అంటాడు రైతు. "మార్కెట్ల నాకు గింతకన్న ఎక్కువనే కోస్తరే, నేనేం జెయ్యాలె" అంటాడు సేటు. అతను చెప్పింది అబద్ధమని నేను అనను. పైవాడు తనను కోశాడు గనుక తాను కిందివాణ్ణి కోస్తున్నానన్న ఈ లెక్కలో చివరకు కోత పడేది అంకెను నోరు తెరచి అడగలేని చోటనే. బస్తా బరువుకు తీసే తరుగు న్యాయమే, ఎందుకంటే గోనెసంచిని తూచి చూపవచ్చు. తేమకు తీసే తరుగు కూడా యంత్రం పెట్టి చూపితే న్యాయమే. యంత్రం లేకుండా, చేత్తో పట్టి, కళ్ళతో చూసి, ముందే అనుకుని వచ్చిన అంకెను తీసివేస్తే మాత్రం అది ఆ సూరా చెప్పిన రెండవ కాటాయే.

అయితే ఈ కథలో రైతు ఎప్పుడూ అమాయకుడే అని రాస్తే నేను పక్షపాతిని అవుతాను. కాయ పెళుసుగా ఉంటే బస్తాలో విరిగిపోతుందని ముందురోజు రాత్రి కొద్దిగా నీళ్ళు చల్లడం అందరూ చేసే పనే. ఆ చల్లడం ఎక్కడ పనికి పనికొచ్చేదిగా ఆగి, ఎక్కడ బరువు పెంచేదిగా మారుతుందో చల్లేవాడికి బాగా తెలుసు. బస్తా అడుగున తాలు కాయ, మూతి దగ్గర ఎర్రగా నిగనిగలాడే కాయ నింపడం కూడా కొత్త విద్య కాదు. ప్రవక్త మాటలనూ చేతలనూ సేకరించిన సహీ ముస్లిం అనే గ్రంథంలో ఉన్న ఒక హదీసును నేను బయాన్‌లో చెప్పినప్పుడు, ముందు వరుసలో కూర్చున్న మిరప రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రవక్త బజారులో నడుస్తూ ఒక ధాన్యపు కుప్పలో చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే అమ్మేవాడు వాన పడిందన్నాడు. జనానికి కనబడేటట్టు ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదు అని ప్రవక్త అడిగి, మోసం చేసేవాడు నా వాడు కాదు అన్నారు. వాన పడడం ఆ వ్యాపారి తప్పు కాదు, తడిసిన ధాన్యం అమ్మడం కూడా ఆయన నిషేధించలేదు. ఆయన నిలదీసింది దాన్ని కింద పెట్టడాన్ని. లోపం ఉన్న సరుకును లోపం చెప్పి, దానికి తగిన ధరకు అమ్ముకోవచ్చు. కొనేవాడు చేయి పెట్టి చూసుకోవలసింది అని మాత్రం ఆ హదీసులో ఎవరూ అనలేదు.

మన ప్రభుత్వాలు ప్రజలకు నేర్పే పాఠానికీ దీనికీ తేడా ఉన్నది ఇక్కడే. 2005 నుంచి 'జాగో గ్రాహక్ జాగో' అన్న ప్రచారం టీవీలోనూ రేడియోలోనూ గోడల మీదా వింటున్నాము, చూస్తున్నాము. మేలుకో వినియోగదారుడా అనడం మంచి మాటే. ఎమ్మార్పీ చూడు, గడువు తేదీ చూడు, బిల్లు అడుగు, ముద్ర చూడు అని చెప్పడమూ మంచిదే. కానీ ఈ పాఠమంతా కొనేవాడి నెత్తిన పెట్టిన బరువు. పొద్దున ఆరు గంటలకు చేలోకి వెళ్ళి, చీకటి పడ్డాక నూనె పాకెట్ కోసం దుకాణం ముందు నిలబడిన కూలి మనిషి ఏమేమి చూడగలదు? డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు కచేరీలో బ్యానరు కడతారు, మరాఠీలో ఉపన్యాసాలు చెబుతారు, బచత్ గట్ అనే పొదుపు సంఘాల మహిళలను కూర్చోబెడతారు. అదే సమయంలో, ఆ మాటలు ఎవరు వినాలో ఆ వ్యాపారులంతా పక్క వీధిలో దుకాణాల్లో కూర్చుని ఉంటారు. వారిని పిలిచి, మీరు ఏమేమి చేయాలో కూర్చుని వినండి అని చెప్పిన సభ మా ఊళ్ళో జరిగినట్టు నాకు గుర్తు లేదు.

నిజానికి చట్టం మాత్రం అమ్మేవాడితోనే ఎక్కువ మాట్లాడుతుంది. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా తిరిగి తీసుకోవడానికి నిరాకరించడం కూడా అంతే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఎర్ర అక్షరాలతో గోడకు రాసుకున్న దుకాణదారు, లోపమున్న సరుకు విషయంలో, చట్టాన్ని ఉల్లంఘిస్తానని ముందుగానే ప్రకటించుకున్నట్టు. 2009 తూనికలు కొలతల చట్టం కింద ఎలక్ట్రానిక్ కాటాను ఏటా తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి.

ఇస్లామీ ధర్మశాస్త్రం ఇదే విషయాన్ని ఇంకా ముందు నుంచీ, ఇంకా లోతుగా పట్టించుకుంది. సరుకులో లోపం బయటపడితే బేరాన్ని రద్దు చేసుకునే హక్కును ఖియార్ అల్ ఐబ్ అంటారు. అమ్మేవాడూ కొనేవాడూ విడిపోయేవరకు ఇద్దరికీ వెనక్కి తగ్గే హక్కు ఉన్నదనీ, ఇద్దరూ నిజం చెప్పి లోపాలు విప్పి చెప్పుకుంటే ఆ బేరంలో బరకత్, అంటే శుభం, ఉంటుందనీ, దాచితే అది తుడిచిపెట్టుకుపోతుందనీ సహీ బుఖారీ, సహీ ముస్లిం అనే రెండు సంకలనాలలోనూ ఉన్న హదీసు చెబుతుంది. పశువుల అంగడికి పోయేవారికి ఇంకొకటి వెంటనే అర్థమవుతుంది. అమ్మే ముందు పాలు పితకకుండా ఆపి, పొదుగు నిండుగా కనబడేటట్టు చేసిన పశువును కొన్నవాడు, ఇంటికి తెచ్చి పితికి చూశాక ఉంచుకోవచ్చు, లేదా తాను వాడుకున్న పాలకు బదులు ఒక సా కొలత ఖర్జూరం ఇచ్చి పశువును తిప్పి పంపవచ్చు. దీనికి మూడు రోజుల గడువు ఇచ్చిన కథనమూ ఉంది. ఆ ఖర్జూరం సంగతి నాకు ఎంతో నచ్చుతుంది. మోసపోయినవాడు కూడా తాను తాగిన పాలకు లెక్క చెప్పాలి!

ఇక మా ప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరగా తగిలే హదీసు, సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురువెళ్ళి కొనవద్దన్నది. పల్లె నుంచి వచ్చేవాడికి బజారు ధర తెలియకముందే దారిలో పట్టుకుని చవకగా కొనేవారిని ఉద్దేశించి చెప్పిన మాట అది. అలా కొన్నా, సరుకు యజమాని బజారుకు వచ్చి ధర తెలుసుకున్న తరువాత బేరాన్ని తిరగదోడే హక్కు అతనికి ఉంటుందని సహీ ముస్లిం కథనంలో ఉంది. ఈ రోజుల్లో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిరప ధర ఎంత పలికిందో సాయంత్రానికల్లా ఫోనులో తెలిసిపోతుంది కాబట్టి ఆ నిషేధం పాతబడిందని ఒక సేటు నాతో వాదించాడు. ధర తెలియడం సరే, తెలిసి రైతు ఏం చేయగలడు? నాట్ల సమయంలో విత్తనాలకూ మందులకూ ఆ సేటు దగ్గరే అప్పు తీసుకున్నాడు, పంట తనకే ఇవ్వాలన్న మాట మీద. అప్పుడు ధర మాట్లాడుకోలేదు, తరుగు మాట్లాడుకోలేదు, వడ్డీ అన్న మాట కూడా ఎవరూ ఎత్తలేదు. వడ్డీ అనకుండానే అది ధరలోంచీ తరుగులోంచీ వచ్చేస్తుంది. సూద్, అంటే వడ్డీ, తినను అని గుండె మీద చేయి వేసి చెప్పే మనిషి, నెలకు ఇంత అని అడిగే వడ్డీ వ్యాపారికన్నా ఎక్కువే లాగుతాడు.

పంటకు ముందే డబ్బు ఇవ్వడాన్ని ఇస్లాం ఆపలేదు. ప్రవక్త మదీనాకు వచ్చేసరికే అక్కడివారు ఒకటి రెండేళ్ళ తరువాత అందే ఖర్జూరానికి ముందే డబ్బు ఇచ్చే అలవాటులో ఉన్నారు. ఆయన దానికి పెట్టిన షరతు తెలిసిన కొలత, తెలిసిన తూకం, తెలిసిన గడువు. దీన్ని సలమ్ అంటారు. సేటు కూడా కావాలంటే ఇలా చేయవచ్చు: ఫలానా రకం కాయ, ఇన్ని క్వింటాళ్ళు, ఫలానా నెలలో, ఇదిగో పూర్తి డబ్బు ఇప్పుడే. రైతు ధర పడిపోతుందన్న భయం లేకుండా పండిస్తాడు, సేటు ధర పెరిగితే లాభపడతాడు. ఇందులో ఏదీ చీకట్లో లేదు. అప్పును రాసిపెట్టుకోండి, సాక్షులను పెట్టుకోండి అని చెప్పే 2వ సూరా 282వ వాక్యం ఖురాన్ మొత్తంలోనూ పొడుగైన వాక్యం. అందులో ఒక మాట తరచూ మరుగున పడిపోతుంది: రాసేటప్పుడు చెప్పి రాయించవలసినవాడు అప్పు తీసుకున్నవాడు. మా దగ్గర సేటు తన పుస్తకంలో తనకు తోచింది రాసుకుంటాడు, రైతు దగ్గర ఏ కాగితమూ ఉండదు.

కాగితం లేకపోతే ఏమవుతుందో మా పక్కింటి ఆయన అనుభవంలో చూశాను. గోదావరి అవతల ఒక దుకాణంలో ఆయన మిరప విత్తనం కొన్నాడు. బిల్లు అడిగితే, అట్టపెట్టె చింపిన ముక్క మీద పెన్సిలుతో పాకెట్ల లెక్కా మొత్తమూ రాసి ఇచ్చారు, దుకాణం పేరు లేదు, తేదీ లేదు. మొక్క ఏపుగా పెరిగింది, పూత రాలేదు. అదృష్టం కొద్దీ ఖాళీ పాకెట్లను ఆయన భార్య పారేయకుండా గుడిసె చూరులో దోపింది. వాటి మీద లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష తేదీ ఉన్నాయి. పాత చట్టం ఉన్న రోజుల్లో అయితే ఆయన ఎదుటివాడి ఊరికి, అంటే నదికి అవతల ఉన్న జిల్లాకు పోయి ఫిర్యాదు చేయవలసి వచ్చేది. 2019 చట్టం ఫిర్యాదుదారు ఉండే చోటనే ఫిర్యాదు చేసుకోనిచ్చింది. సరిహద్దు జిల్లాల వారికి ఇది ఎంత పెద్ద మార్పో ముంబయిలోనో నాగపూర్‌లోనో ఉండేవారికి అర్థం కాదు. మేము సగం వస్తువులు నది దాటి కొంటాము. ఇంకొక సందేహం ఆయనకు ఉండేది, విత్తనమంతా చల్లేశాక పరీక్షకు పంపడానికి ఏముందని. రైతు కొన్న విత్తనమంతా నాటేస్తాడు గనుక పరీక్ష కోసం దాచి ఉంచలేదని అతని ఫిర్యాదును తోసిపుచ్చడం కుదరదనీ, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేననీ 2012లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులలో తీర్పు చెప్పింది.

అయినా ఈ ఫిర్యాదులు వినే మా జిల్లా వినియోగదారుల ఆయోగ్ గడ్చిరోలిలో ఉంది, రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. వానాకాలంలో ఆ రోడ్డు మీద బస్సు ఎక్కినవాడు ఎప్పుడు దిగుతాడో చెప్పలేము. ఐదు లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు లేదనీ, వకీలు లేకుండా తానే వాదించుకోవచ్చుననీ, రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలనీ, ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చుననీ, విచారణ వీడియో ద్వారా జరపమని కోరవచ్చుననీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే ముందుగా సలహా దొరుకుతుందనీ నేను బచత్ గట్ సమావేశాల్లో తెలుగులో చెబుతాను. ఇవేవీ రహస్యాలు కావు, మా భాషలో మా ఊళ్ళో ఎవరూ చెప్పనివి మాత్రమే. 1976లో మక్కాలో ఇస్లామీ ఆర్థిక శాస్త్రం మీద మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగిన నాటి నుంచి బ్యాంకుల గురించీ బాండ్ల గురించీ విశ్వవిద్యాలయాల్లో ఎంత చర్చ జరిగిందో, దానిలో వందో వంతైనా తరుగు గురించి మా మసీదు అరుగు మీద జరిగి ఉంటే బాగుండేదని అప్పుడప్పుడు విసుగు కలుగుతుంది. అందులో నా వయసు విసుగు కూడా కొంత కలిసి ఉండవచ్చు.

బయాన్ అయ్యాక వ్యాపారులు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "సార్, అందరూ కోస్తుంటే నేనొక్కణ్ణి మానేస్తే నా దుకాణం నడిచేదెట్ల?" ఇది తప్పించుకునే ప్రశ్న అని నేను మొదట్లో అనుకునేవాణ్ణి, ఇప్పుడు అనుకోవడం లేదు. నిండుగా తూచేవాడు ధరలో పోటీ పడలేడు, ఎందుకంటే పక్కవాడు కిలోకు యాభై గ్రాములు మిగుల్చుకుని ఒక రూపాయి తగ్గించి అమ్ముతాడు, జనం రూపాయినే చూస్తారు. మనసు మంచిదైతే సరిపోతుందని ఇస్లామీ సమాజాలు కూడా ఎన్నడూ అనుకోలేదు. అందుకే బజారుకు ముహ్తసిబ్ అనే అధికారిని పెట్టారు. 11వ శతాబ్దపు న్యాయవేత్త అల్ మావర్దీ ఆ అధికారి విధులను వివరిస్తూ ఖాజీకీ అతనికీ తేడా చెబుతాడు. ఖాజీ ముందుకు ఫిర్యాదు రావాలి. ముహ్తసిబ్ ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తానే బజారుకు పోయి కాటాలు, కొలపాత్రలు, కల్తీ చూడాలి. 2019 చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు కూడా తనంతట తాను విచారణ చేపట్టే అధికారం ఉంది. కానీ అది ఢిల్లీలో కూర్చుంటుంది. మాకు కావలసింది వైధమాపన శాస్త్ర విభాగపు, అంటే తూనికలు కొలతల శాఖ, ఇన్‌స్పెక్టరు ప్రతి అంగడికీ కాకపోయినా ప్రతి మిరప కాలానికైనా కల్లాల దగ్గరకు రావడం. ఆయన వస్తే అందరికన్నా ముందు లాభపడేది నిండుగా తూచే వ్యాపారి. ఈ మాట చెప్పినప్పుడు ఇన్‌స్పెక్టరు అంటేనే భయపడే దుకాణదారులు కూడా కొంత నిదానంగా వింటారు.

ఈ చలికాలం బయాన్‌లకు నేను సలమ్ కాగితం నమూనా ఒకటి తెలుగులో తయారు చేస్తున్నాను. రకం, తూకం, గడువు, ఇచ్చిన డబ్బు, గోనెసంచి బరువు, తేమ చూసే పద్ధతి, ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు, అడుగున రైతు దగ్గర ఒక ప్రతి ఉండాలన్న షరతు. తేమ గడి దగ్గర ఇంకా తేలలేదు. యంత్రం ఎవరు కొనాలన్నది సేటులకూ రైతులకూ మధ్య నలుగుతోంది. మసీదు నిధి నుంచి కొని అన్ని మతాల రైతులకూ అందుబాటులో పెట్టవచ్చునా అని కమిటీని అడిగాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఆ నిధి అందుకు కాదన్నారు. వచ్చే జుమా తరువాత మళ్ళీ కూర్చుంటాము.